ముల్లు కదలని మీటరు: కంచరపాలెంలో బోర్డు లేని ఒక ఎలక్ట్రికల్ షాపు

విశాఖపట్నంలో కంచరపాలెం మెట్టు నుంచి ఊర్వశి కూడలి వైపు వెళ్ళే దారిలో, టైర్లకు పంక్చర్లు వేసే పాకకూ టీ బడ్డీకీ మధ్య, బోర్డు లేని ఆటో ఎలక్ట్రికల్ షాపు ఒకటి ఉంది. షట్టరు మీద పసుపు రంగుతో రాసిన ‘సెల్ఫ్, డైనమో, మీటర్’ అనే మూడు మాటలే దానికి గుర్తు. మా పికప్ బండి స్పీడోమీటరు రెండు నెలలపాటు మమ్మల్ని విసిగించి, వేరొక చోట నాలుగు వేల రూపాయలకు పైగా మింగి కూడా బాగుపడకపోగా, ఈ షాపులో రెండున్నర గంటల్లో 450 రూపాయలతో దాని సంగతి తేలిపోయింది. తక్కువలో పని జరిగింది కాబట్టి మెచ్చుకుంటున్నానని అనుకోవద్దు. తప్పు ఎక్కడుందో చూపించిన తరువాతే ఈయన సామాను మీద చెయ్యి వేశారు, ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే.

ముందు బండి గురించి చెప్పాలి. మాది 2011 మోడల్ డీజిల్ పికప్, కంప్యూటరు లేని పాతరకం ఇంజను. గేర్ బాక్స్ వెనుక కొసన బిగించిన మూడు వైర్ల స్పీడ్ సెన్సార్, అక్కడి నుంచి డాష్‌బోర్డు దాకా వచ్చే వైరింగు, చివర ముల్లు, కిలోమీటర్ల అంకెలు ఉన్న మీటరు, ఇంతే దాని స్పీడోమీటరు సంసారం. తెల్లవారుజామున నాలుగింటికి ఫిషింగ్ హార్బర్‌లో ఐసు పెట్టెలతో చేపలు ఎత్తించుకుని, పెందుర్తి మీదుగా కొత్తవలస వరకూ దింపుకుంటూ పోయి, పదకొండింటికల్లా ఖాళీగా తిరిగి రావడం దాని రోజువారీ పని. జబ్బు మొదలైన కొత్తలో, లోడుతో బయలుదేరిన పది పదిహేను కిలోమీటర్లకు ముల్లు నలభై దగ్గర వణికి ఒక్కసారిగా సున్నాకు పడిపోయేది, ఏదో ఒక స్పీడ్ బ్రేకరు దగ్గర కుదుపుకు మళ్ళీ లేచేది. ముల్లు పడిన క్షణాన కిలోమీటర్ల అంకెలు కూడా ఆగిపోయేవి. విచిత్రమేమిటంటే, మధ్యాహ్నం ఎండలో ఆరిన తరువాత ఖాళీ బండిని నడిపితే ఏ లోపమూ కనిపించేది కాదు. ఈ ఒక్క మాటలోనే జబ్బంతా ఉందని అప్పట్లో మాకు తట్టలేదు.

సరకు బండికి మీటరు లేకపోతే ఏమవుతుందిలే అని మా డ్రైవరు మొదట తేలిగ్గా తీసుకున్నాడు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 117వ నియమం బండికి వేగం చూపే మీటరు ఉండాలని చెబుతోంది, పైగా ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనానికి ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించుకోవాలి. ముల్లు చచ్చిన బండిని ఆ పరీక్షకు తీసుకెళ్ళి నిలబెట్టడం కుదరని పని. అంతకంటే నన్ను ఇబ్బంది పెట్టింది లెక్క. నేను ప్రతి బండికీ ఒక చిన్న పుస్తకం పెట్టి, డీజిల్ పోయించినప్పుడల్లా అంకెలు రాసుకుంటాను. అంకెలు సగం రోజు ఆగిపోతూ ఉంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో తెలియదు, ఇంజను ఆయిల్ మార్చే గడువు ఎప్పుడో తెలియదు, రెండు నెలలకు మా పుస్తకం కాకిలెక్కల పుస్తకమై కూర్చుంది.

మొదట వెళ్ళిన వర్క్‌షాపు పేరు రాయడం లేదు, అక్కడి మనుషులతో నాకు పేచీ లేదు, వాళ్ళ పద్ధతితోనే పేచీ. బండిని చూడకుండానే, నేను చెప్పింది సగం విని, “సెన్సార్ పోయిందండీ, ఈ మోడల్‌కి మామూలే” అన్నారు. కొత్త సెన్సార్, బిగింపు కూలి కలిపి 2,800 రూపాయలు. మధ్యాహ్నం పూట మార్చారు కాబట్టి ముల్లు చక్కగా కదిలింది, మేమూ సంతోషించాం, మూడో రోజు లోడుతో వెళ్ళినప్పుడు మళ్ళీ పడిపోయింది. రెండోసారి వెళితే మీటరు ఊడదీసి ‘సర్వీసు’ చేశామని 1,400 తీసుకున్నారు. మూడోసారి మాత్రం మీటరు మొత్తం మార్చాల్సిందేనని, తుక్కు బండి నుంచి తీసిన మీటరు ఒకటి 6,500కు ఇప్పిస్తామని అన్నారు. ఆ మీటరులో వేరే బండి తిరిగిన కిలోమీటర్లు ఉంటాయి. రేపు బండి అమ్మాలన్నా, ఎవరైనా పాత సర్వీసు కాగితాలతో పోల్చి చూసినా, అంకెలు తారుమారు చేశామనే అనుమానం మా మీదికే వస్తుంది. అందుకని ఒప్పుకోలేదు. హార్బర్‌లో ఐసు లారీ నడిపే ఒకాయన చెబితే కంచరపాలెం షాపు గురించి తెలిసింది.

ఉదయం తొమ్మిదిన్నరకు వెళ్ళాం. మేస్త్రిగారికి అరవై దాటి ఉంటాయి, కళ్ళజోడుకు ఒక కాడ బదులు నల్లటి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. సెన్సార్ మార్చారని, మీటరు విప్పారని నేను పాత పురాణం మొదలుపెడితే చేత్తో ఆపి, “ఏయే రోజు ఆగింది, ఏయే రోజు ఆగలేదు, అది చెప్పండి బాబూ చాలు” అన్నారు. తరువాత వరుసగా అడిగారు. ముల్లుతో పాటు అంకెలు కూడా ఆగుతున్నాయా? హెడ్‌లైట్లు వేసినప్పుడు ముల్లు కదులుతోందా? డీజిల్ ముల్లు, ఇంజను వేడి చూపే ముల్లు మామూలుగానే ఉన్నాయా? ఈమధ్య టైర్ల సైజు మార్చారా? ఏం లోడు వేస్తారు, తొట్టి కడిగేది ఎక్కడ? ఆ చివరి ప్రశ్న నాకు ఆ పూట అసందర్భంగా తోచింది. ఆయన మాత్రం చేపలు అనగానే తల ఊపి, బండిని నీడలో కాకుండా ఎండలోనే పెట్టించి, ఒక బకెట్టుతో నీళ్ళు తెమ్మని కుర్రాణ్ణి పంపారు.

ప్రశ్నల వెనక ఉన్న లెక్కను పని చేస్తూనే ఆయన విడమరిచి చెప్పారు. అంకెలు తిరుగుతూ ముల్లు ఒక్కటే ఆగితే జబ్బు మీటరులో ఉన్నట్టు, రెండూ కలిసి ఆగితే మీటరు దాకా కబురే రావడం లేదన్నట్టు. డీజిల్ ముల్లు, వేడి ముల్లు కూడా వాటితో పాటే పడిపోతే మీటరుకు వచ్చే కరెంటో ఎర్తో చూడాలి. మా బండిలో ఆ రెండూ నిక్షేపంగా ఉన్నాయి. అంటే ఫ్యూజు, మీటరు ఎర్తు బాగున్నట్టే. ముల్లు పడిపోకుండా ఎప్పుడూ ఒకే పాళ్ళలో ఎక్కువో తక్కువో చూపిస్తే అప్పుడు టైర్ల సైజు గురించి ఆలోచించాలి, పెద్ద టైరు వేస్తే చక్రం తక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. ఇవన్నీ అడిగి తెలుసుకునేవే, రెంచి పట్టనక్కరలేదు. మొదటి వర్క్‌షాపులో ఈ ప్రశ్నల్లో ఒక్కటి అడిగినా 4,200 రూపాయలు నా జేబులోనే ఉండేవి.

ఆ తరువాత జరిగింది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇలాంటి బండి ఉన్నవాళ్ళకు పనికివచ్చేది అదే. బండి ముందు చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డుపెట్టి, వెనక భాగం జాకీతో లేపి, రెండు వైపులా ఇనప స్టాండ్లు పెట్టారు. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరినీ దూరనివ్వరు. సెన్సార్‌ను వైరింగుకు కలిపే కప్లర్ ఊడదీసి, తాళం ఆన్ చేసి, వోల్టులు కొలిచే మల్టీమీటరుతో కరెంటు పిన్నుకూ ఎర్తు పిన్నుకూ మధ్య చూస్తే 12.1 వోల్టులు చూపించింది. వైరింగు బాగుందన్నమాట, అని నేను అన్నాను. ఆయన నవ్వి, జేబులోంచి రెండు వైర్లు అతికించిన చిన్న బల్బు ఒకటి తీసి అదే పిన్నులకు తగిలించారు, బల్బు వెలిగింది. బకెట్టులో గుడ్డ ముంచి కప్లరుకు పైన ఉన్న వైర్ల కట్ట మీద నీళ్ళు పిండి, ఆ కట్టను బొటనవేలితో మెల్లగా వంచారు. బల్బు ముందు ఎర్రబడింది, తరువాత ఆరిపోయింది. వదిలేస్తే మళ్ళీ వెలిగింది. మల్టీమీటరు తీసుకునే కరెంటు దాదాపు లేనట్టే కాబట్టి, వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా అది నిండు వోల్టేజీ చూపిస్తుందట, బల్బుకు నిజంగా కరెంటు కావాలి కాబట్టి అది అబద్ధం ఆడలేదట. అయితే ఈ బల్బు ఉపాయం కంప్యూటరు ఉన్న కొత్త బళ్ళ సెన్సార్ల దగ్గర వాడకూడదని, వాడితే కంప్యూటరుకే దెబ్బని ఆయనే హెచ్చరించారు.

కరెంటు పోతున్నది ప్లస్ వైరులోనా, ఎర్తు వైరులోనా అన్నది ఇంకా తేలలేదు. దానికి ఆయన చేసిన పని చూడముచ్చటగా ఉంది. సెన్సార్ చేసే పనల్లా చక్రం తిరిగేకొద్దీ సిగ్నల్ వైరును టకటకా ఎర్తుకు కలుపుతూ విడదీస్తూ ఉండడమే. మీటరు ఆ టకటకలను లెక్కపెట్టి ముల్లును లేపుతుంది. ఆయన సెన్సార్ లేకుండానే, ఒక వైరు ముక్క ఒక కొసను కప్లరులోని సిగ్నల్ పిన్నుకు పెట్టి, రెండో కొసను ఛాసిస్ మీద గీకిన ఇనుముకు తాటిస్తూ, నన్ను డాష్‌బోర్డు చూడమన్నారు. ముల్లు సున్నా నుంచి ఉలిక్కిపడినట్టు లేచి పడింది, మళ్ళీ లేచింది. అంటే మీటరు బాగుంది, అక్కడి నుంచి వచ్చే సిగ్నల్ వైరు బాగుంది. తరువాత అదే వైరు ముక్క రెండో కొసను ఛాసిస్‌కు కాకుండా కప్లరులోని ఎర్తు పిన్నుకు తాటించారు. కట్టను వంచి పట్టుకుంటే ముల్లులో చలనం లేదు, వదిలితే ఉంది. “మీటరేటి సేసింది బాబూ, దానికి కబురందితే కదా” అన్నారు. బండి కొన్న పద్నాలుగేళ్ళలో దాని వైరింగు ఎలా పనిచేస్తుందో నాకు అర్థమైంది ఆ పది నిమిషాల్లోనే.

కట్టకు చుట్టిన టేపు విప్పి, నల్ల వైరును కప్లరు నుంచి నాలుగు వేళ్ళ దూరంలో బ్లేడుతో చీలిస్తే లోపల రాగి పోగులు లేవు, పచ్చటి పొడి ఉంది. రెండే రెండు పోగులు నల్లబడి మిగిలాయి. పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. కారణం మా వ్యాపారమే. తొట్టి ముందు చెక్కల సందులోంచి కారిన ఐసు నీళ్ళు, అందులోని చేపల ఉప్పు, క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య ఖాళీలోంచి సరిగ్గా గేర్ బాక్స్ కొస మీద పడుతున్నాయి. సముద్రపు గాలికే ఈ ఊళ్ళో ఇనుము నిలవదు, దాని మీద రోజూ ఉప్పునీటి అభిషేకం. లోడుతో ఉన్నప్పుడు తడిసి ఆగడం, ఎండకు ఆరి లేవడం, కుదుపుకు పోగులు తగులుకోవడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. తొట్టి ఎక్కడ కడుగుతారని ఆయన ఎందుకు అడిగారో కూడా.

జబ్బు తెలిశాక వైద్యం చిన్నదే. చెడిన భాగం సుమారు ఒక జానెడు కత్తిరించి, మంచి రాగి కనిపించేదాకా వెనక్కి వెళ్ళి, కొత్త వైరు సోల్డరింగ్ చేసి, దాని మీద వేడికి ముడుచుకునే స్లీవు వేశారు. ఛాసిస్ మీద ఎర్తు బోల్టు విప్పి, ఎమెరీ కాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్ది బిగించి పైన వేజలీన్ పూశారు. నాకు నచ్చిన చివరి పని, కట్టను కప్లరులోకి పైనుంచి దిగేలా కాకుండా, ముందు కిందికి వంపు తిరిగి తరువాత పైకి వెళ్ళి కలిసేలా కట్టడం. వైరు వెంట కారిన నీరు ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతుంది తప్ప కప్లరులోకి దిగదు. ఐసు నీళ్ళు కారే ఆ చెక్కల సందుకు అడ్డంగా పాత ట్యూబు రబ్బరు ముక్క ఒకటి బిగించుకోమని చెప్పారు, మా డ్రైవరు మర్నాడే బిగించాడు.

సోల్డరింగ్ పని కుర్రాడికి అప్పగించి ఆయన ఇంకో బండి చూశారు. అది మా దానికంటే పాతది, కేబుల్‌తో నడిచే మీటరు. ముల్లు ఊగుతోందని, చలి ఉదయాల్లో కీచుమంటోందని దాని యజమాని ఫిర్యాదు. ఈ రకం మీటరు 1902లో జర్మనీలో ఒట్టో షుల్ట్సే పేటెంటు తీసుకున్న పద్ధతి మీద నడుస్తుంది. కేబుల్ తిప్పే అయస్కాంతం పక్కన, దాన్ని తాకకుండా, అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది, అయస్కాంతం తిరిగితే గిన్నెలో విద్యుత్తు పుట్టి అది కూడా తిరగబోతుంది, సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది, ఆ రెండింటి లాగులాటలో ముల్లు ఎక్కడ ఆగితే అదే వేగం. మేస్త్రిగారు లోపలి తీగను బయటికి లాగి, బల్ల మీద పెట్టి అరచేత్తో దొర్లించారు. బాగున్న తీగ చపాతీ కర్రలా సాఫీగా దొర్లాలి, ఇది ఒక చోట పాములా లేచింది, అక్కడ మెలిపడిందని అర్థం. కొత్త కేబుల్ వేయక తప్పదన్నారు. దానికి గ్రీజు పూసేటప్పుడు మీటరు వైపు కొసను పొడిగా వదిలేశారు. పైదాకా పూస్తే గ్రీజు తీగ వెంట పాకి మీటరులోకి చేరుతుందట. ఆ యజమానికి కూడా మీటరు మార్చాలని వేరే చోట చెప్పారని విన్నప్పుడు, ఒంటరిగా మోసపోలేదన్న అల్పసంతోషం నాకు కలిగిందని ఒప్పుకుంటాను.

సాయంత్రం ఆనందపురం దాటాక జాతీయ రహదారి మీద నేనే పరీక్షించాను. ముల్లును అరవై మీద నిలిపి, డ్రైవరు పక్కన కూర్చుని కిలోమీటరు రాయి నుంచి రాయికి ఫోనులో సమయం చూస్తే 63 సెకన్లు వచ్చింది. సరిగ్గా అరవై వేగంతో పోతే నిమిషంలో దాటాలి, కాబట్టి మా అసలు వేగం 57. మీటరు మూడు కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తోంది. ఫోను మీద మేస్త్రిగారిని అడిగితే, ఎక్కువ చూపిస్తే భయం లేదని, తక్కువ చూపించినప్పుడు తన దగ్గరికి రమ్మని అన్నారు. ఇది రాసేనాటికి ఐదు వారాలు గడిచాయి. రెండు పెద్ద వానలు, రోజూ చేపల లోడు, ముల్లు ఒక్కసారి కూడా పడలేదు.

లోపాలు కూడా చెప్పాలి. షాపులో కూర్చోవడానికి ఒకే బల్ల, దాని మీద ఎప్పుడూ ఎవరిదో డైనమో విప్పి ఉంటుంది. బండిని రోడ్డు అంచున పెట్టే పని చేస్తారు కాబట్టి బస్సు వచ్చినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది. బిల్లు ఇవ్వరు, అడిగితే సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసి ఇస్తారు, కంపెనీ లెక్కల్లో చూపించాల్సిన వాళ్ళకు అది చెల్లదు. ఫోను పది సార్లకు రెండు సార్లు ఎత్తుతారు. సామాను నిల్వ ఉండదు, కేబుల్ కావాలంటే మీరే వెళ్ళి కొని తెచ్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కంప్యూటరుతో నడిచే కొత్త బళ్ళను ఆయన చేతులు జోడించి పంపించేస్తారు, వాటికి స్కానరు ఉన్న చోటికే వెళ్ళడం మంచిది. మా 450 రూపాయల్లో 300 వెతికినందుకని, 150 వైరు, స్లీవు, సోల్డరింగ్ కలిపి అని ఆయన విడివిడిగా చెప్పారు. వెతికినందుకు డబ్బేమిటని ఒకాయన నా ఎదుటే బేరమాడాడు. నా మటుకు నేను ఆ 300 ఇచ్చినంత ఇష్టంగా ఆ బండి మీద ఏ డబ్బూ ఖర్చుపెట్టలేదు.

వెళ్ళదలచినవాళ్ళు పదింటిలోపు వెళ్ళండి, మధ్యాహ్నం తరువాత సెల్ఫ్ మోటార్ల పనిలో పడితే ఆయన తల ఎత్తరు. బండి కడిగించుకుని, ఆరబెట్టుకుని వెళ్ళకండి, జబ్బు కనిపించే స్థితిలోనే తీసుకెళ్ళండి. అంతకుముందు ఎవరైనా మార్చేసిన పాత సామాను ఉంటే పారేయకుండా వెంట తీసుకెళ్ళండి. మొదటి వర్క్‌షాపువాళ్ళు ‘పోయింది’ అని తీసేసిన మా పాత సెన్సార్‌ను కూడా ఆయన ఆ కప్లరుకే తగిలించి, దాని పళ్ళచక్రాన్ని వేలితో తిప్పి చూపించారు. ముల్లు లేచింది. గుడ్డతో తుడిచి, పేపరులో చుట్టి, “దాసుకోండి, ఇంకో పదేళ్ళు వస్తాది” అని నా చేతికిచ్చారు.